జపానికి పోతానని రాసిన జాబు

నా తెలుగు రాత బాగుండదని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. ఒప్పుకుంటాను. మదరాసు కాలేజీలో ఎఫ్.ఏ. చదివే రోజుల్లో నేను రాసిన ఇంగ్లీషు వ్యాసాలను మా పంతులు క్లాసులో చదివి వినిపించేవాడు. అదే అమ్మకు తెలుగులో నాలుగు ముక్కలు రాయాలంటే కలం కదిలేది కాదు. ఆ వంకర తెలుగు వల్ల ఒక ఎండాకాలం నా కోరికంతా ఒక్క అక్షరం మీద వేలాడింది.

మా ఊరు గండికోటకు ఈవల, పెన్న ఒడ్డున ఉంటుంది. మా నాయన నీలి తొట్లలో కూలి. నీలి ఆకును తొట్టిలో నానబెట్టి, మొలలోతు నీళ్ళలో దిగి కర్రలతో బాదేవాళ్ళు. పసరు రంగులో ఉన్న నీళ్ళు బాదగా బాదగా నీలంగా తిరిగేవి. ఆ కంపు ఊరి పొలిమేర దాకా కొట్టేది. మా నాయన గోళ్ళు పుట్టుకతోనే నీలమని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. తర్వాత జర్మనీ కార్ఖానాలో చేసిన నీలి డబ్బాల్లో వచ్చింది. తొట్లు ఎండిపోయాయి, వాటిలో మేకలను కట్టేసుకున్నారు. మా నాయన ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. జ్వరమన్నారు గానీ, చేతికి పని లేకనే పోయాడని నా నమ్మకం. ఆ కోపం నాకు చాలా ఏండ్లు ఉండింది.

జపాను రష్యాను ఓడించి అప్పటికి రెండు మూడేండ్లు. కాలేజీ పిల్లలను ఎవరిని కదిలించినా జపాను మాటే. అగ్గిపెట్టెలు, పెన్సిళ్ళు, గాజు సామాను, బట్టల అద్దకం, ఇవన్నీ అక్కడికి పోయి నేర్చుకొని రావాలని మదరాసులో ఒక సంఘం పుట్టింది. ఏటా కొందరు విద్యార్థులను ఓడ ఎక్కించేది. సెలవుల్లో నేను కడప మిషను హాస్టల్లో ఉండి చిన్న తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. ఆ మే నెలలో సంఘం తరఫున ఒకాయన వస్తున్నాడని, బడి హాల్లో జపాను బొమ్మలు చూపిస్తాడని తెలిసింది. ఆయన కర్నూలు వైపు భూములున్న ఆసాముల ఇంటి బిడ్డ. జపానులో మూడేండ్లు అద్దకం నేర్చుకొని వచ్చినవాడు. ఆయన వెంట దూది బేరానికి మన సీమలు తిరుగుతున్న ఒక జపాను వర్తకుడు కూడా వచ్చాడు. ఆ వర్తకుణ్ణి ఏమని పిలవాలో ఎవరికీ తెలియలేదు. మా హెడ్మాస్టరు దొరగారనబోయి, ఆయన తెల్లగా లేడని గుర్తొచ్చి, అయ్యగారూ అన్నాడు.

బొమ్మలు చూపించేది మ్యాజిక్ లాంతరుతో, దీపం వెలుగులో గాజు పలక మీది బొమ్మ తెర మీద పెద్దగా పడుతుంది. దానికి చీకటి కావాలి. మిట్టమధ్యాహ్నం, కడప ఎండలో, హాలు కిటికీలన్నిటికీ గొర్రెబొచ్చు కంబళ్ళు కట్టారు. లోపల రెండు వందల మందిమి ఉడికిపోతున్నాం. ముందుగా జపాను ఆయన లేచి నడుం వంచి నమస్కారం చేశాడు. మర్యాద తెలిసిన మా పెద్దలు లేచి దండం పెట్టారు. వాళ్ళు లేచారని ఆయన మళ్ళీ వంగాడు. ఆయన వంగాడని వీళ్ళు మళ్ళీ లేచారు. కర్నూలాయన లాంతరు వెలిగించకపోతే సాయంత్రం దాకా అదే జరిగేది. మొదటి బొమ్మ మంచు కప్పిన కొండ. అంతా వడగండ్లేనా అని వెనక నుంచి ఎవరో అడిగితే హాలంతా నవ్వింది. నడుమ చిన్న చిన్న గిన్నెల్లో పచ్చటి తేనీరు పోసి పెద్దలకు ఇచ్చారు, పాలు లేవు, చక్కెర లేదు. అది మందనుకొని మా హెడ్మాస్టరు కళ్ళు మూసుకొని ఒక్క గుక్కలో మింగేశాడు.

తర్వాత వచ్చిన బొమ్మ నన్ను కట్టిపడేసింది. నేలలో పాతిన తొట్లు వరసగా ఉన్నాయి. వాటి పక్కన మోకాళ్ళ మీద కూర్చొని కొందరు మనుషులు బట్ట ముంచుతున్నారు. వాళ్ళ చేతులు మోచేతుల దాకా నల్లగా కనిపించాయి. అది నలుపు కాదు, నీలమని కర్నూలాయన చెప్పాడు. జర్మనీ రంగు అక్కడికీ వచ్చిందని, అయినా వాళ్ళు పాత తొట్టి వదలకుండానే కొత్త రంగుల విద్య కూడా పట్టారని, రెండూ నేర్పే బళ్ళు ఉన్నాయని అన్నాడు. ఆ చీకట్లో నాకు ఏడుపొచ్చింది. చెమట అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

సభ అయ్యాక ఆయన చుట్టూ మూగాం. దత్తమండలాల నుంచి ఇద్దరిని పంపాలని సంఘం అనుకుంటోందని చెప్పాడు. రాయలసీమ అనే పేరు మాకు అప్పటికింకా రాలేదు. నా ఈడు పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. సముద్రం దాటితే కులం పోతుందని ఇళ్ళల్లో ఒప్పుకోరట. మాకు ఆ బాధ లేదు. పోవడానికి మా దగ్గర అంత కులం ఎవరూ మిగల్చలేదు. నాకు కావలసినవి రెండే కాగితాలు. ఒకటి, ఒప్పుకున్నట్టు మా అమ్మ వేలిముద్ర. రెండు, నా నడవడి మంచిదని ఊళ్ళో మా మిషను గుడి పెద్ద రాసిచ్చే జాబు. పది రోజుల్లో కర్నూలు పోయి మళ్ళీ వస్తానని, ఆ పొద్దుకు కాగితాలు లేకపోతే ఇంకొకరిని చూసుకుంటానని ఆయన ఖండితంగా చెప్పాడు.

ఆ రోజే జాబు రాశాను. రాసిన నాలుగు ముక్కలూ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "అమ్మా, నేను జపానికి పోవాలని గట్టిగా అనుకున్నాను. మూడేండ్లు అక్కడే ఉండాలి. తిండీ బట్టా వాళ్ళే చూస్తారు. నీ ఒప్పుదల వేలిముద్ర వేసి, ఉపదేశయ్యతో నా నడవడి గురించి జాబు రాయించి వెంటనే పంపు."

జపానుకు అని రాయాల్సింది. పట్నానికి, గుంటూరికి అన్నట్టు చెయ్యి దాని దారిన అది పోయి, జపానికి అని రాసింది.

మా అమ్మకు చదువు రాదు. జాబు చదివింది మా ఊరి గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి. ఆయన నాకు అక్షరాలు దిద్దించినవాడు, మంచివాడు, కొంచెం చాదస్తుడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా గుడిలో దేవుణ్ణి అడుక్కోవడాన్ని ప్రార్థన అంటాం. పక్క ఊళ్ళో ఉన్న రోమను కాథలిక్కు గుడివాళ్ళు జపం అంటారు. దేవుడొక్కడే, పుస్తకమూ ఇంచుమించు ఒక్కటే. కానీ మా పిల్లలు ఆ గుడి మెట్లెక్కినారంటే మా పెద్దలకు అన్నం దిగేది కాదు, వాళ్ళ పెద్దలకూ అంతే. ఆ గుడివాళ్ళు చురుకైన పిల్లలను చేరదీసి, తిండీ బట్టా ఇచ్చి, ఏండ్ల తరబడి చదివించి ఫాదర్లను చేస్తారని అందరికీ తెలుసు. ఫాదర్లు పెండ్లి చేసుకోరని కూడా తెలుసు. మా అమ్మకు నేను ఒక్కణ్ణే కొడుకును.

పది రోజులూ తపాలా బంట్రోతు కోసం హాస్టలు వాకిట్లో నిలబడ్డాను. జాబు రాలేదు. పదో రోజు పొద్దున మా అమ్మ వచ్చింది. వెనక ఉపదేశయ్య. ముద్దనూరు దాకా బండిలో, అక్కడి నుంచి పుట్టి బుద్ధెరిగి మొదటిసారి రైలెక్కి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది. చేతిలో రొట్టెల మూటను వరండా మీద పెట్టి, నన్ను ముట్టుకోకుండా నిలబడింది.

"ఏం తక్కువైందిరా నీకు మన గుడిలో? ఆ గోడకు మీ నాయన రాళ్ళు మోసినాడు. అది ఇడ్సిపెట్టి జపానికి పోతాండావా?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గుడి ఎందుకు వదులుతానని అడిగాను. ఉపదేశయ్య జేబులోంచి నా జాబు తీసి, మూడేండ్లట, తిండీ బట్టా అట, ఇంకా బుకాయిస్తావా అని కళ్ళెర్ర చేశాడు. అట్లాంటివాడికి మంచి నడవడి అని నేను రాసియ్యాలా అని అడిగాడు. జాబు నా మొహం ముందు పెట్టి ఆ మాట మీద వేలు పెట్టినప్పుడు గానీ నా తప్పు నాకు తెలియలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అది జపం కాదని, జపాను అనే దేశమని, అక్కడ రంగుల పని నేర్చుకోవడానికి పోతానని గడగడా చెప్పాను. నువ్వు రాసింది జపానికి అనే గదప్పా అని ఉపదేశయ్య ఒకటికి రెండుసార్లు అడిగి, తర్వాత తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. నీకు అక్షరాలు దిద్దించినోణ్ణి నన్ను నేనే తిట్టుకోవాల అని గొణిగాడు. అమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ నవ్వులోనే అడిగింది, ఆ దేశం యాడుండాదని. సముద్రం అవతల అన్నాను. ఓడలో ఎన్ని దినాలని అడిగింది. దగ్గర దగ్గర నెల అన్నాను.

అమ్మ వరండా మెట్టు మీద కూలబడింది.

"జపమే అయ్యింటే బాగుండు గదరా. బండి కట్టుకోనొచ్చి అప్పుడప్పుడన్నా చూసిపోతాంటి."

అప్పుడు నేను ఓడిపోయాననుకున్నాను. ఆమె వద్దంటే నేను పోయేవాణ్ణి కాదు. నాయన పోయాక నేను తిండి మానేసి మొండికేస్తే, ఆమె కూలికి పోయి నన్ను బడికి తోలిన మనిషి. ఆమెను ఏడిపించి ఓడెక్కే ధైర్యం నాకు లేదు.

కర్నూలాయన వచ్చింది ఆ సమయానికే. కాగితాలు సిద్ధమా అని అడగబోయి, మమ్మల్ని చూసి ఆగిపోయాడు. ఆసాముల బిడ్డ అని తెలియగానే మా అమ్మ అలవాటు కొద్దీ లేచి, కొంగు కప్పుకొని, దూరంగా జరిగింది. ఆయన ఆ దూరాన్ని చూశాడు. పోయి, ఆమె లేచిన మెట్టు కింద మెట్టు మీద కూర్చున్నాడు. సంచిలోంచి ఒక నీలం చేతిగుడ్డ తీసి, జపానులో తన చేత్తో ముంచిన గుడ్డ ఇదని చెప్పి అందించాడు. అమ్మ గుడ్డ తీసుకోలేదు. ఆయన చేతినే చూస్తోంది. గోళ్ళ మొదళ్ళలో నీలం ఉంది. తిరిగొచ్చి ఏడాదైనా, ఇంట్లో చిన్న తొట్టి పెట్టుకొని రోజూ చెయ్యి ముంచుతూనే ఉన్నాడట.

అమ్మ మెల్లగా వచ్చి గుడ్డ అందుకొని ముక్కు దగ్గర పెట్టుకుంది. నీలి కంపు ఎన్ని ఉతుకులు ఉతికినా పూర్తిగా పోదు. ఆ కంపును ఊళ్ళో అందరూ తిట్టుకునేవాళ్ళు, ఆమె మాత్రం ఇరవై ఏండ్లు దాని పక్కన పడుకుంది. గుడ్డను మొహానికి అట్లాగే పట్టుకొని నిలబడింది.

"ఆడ తొట్లు ఇంకా నడుస్తాండాయా సామీ?"

"నడుస్తాండాయమ్మా. నీ బిడ్డ వస్తే ఈడ గూడా నడుస్తాయి."

అమ్మ ఇంకేమీ అడగలేదు. నువ్వు పోయినప్పుడు మీ యమ్మ ఎట్ల ఓర్చుకున్యాది అని కూడా ఆయన్ను అడగలేదు. నేను హాస్టలు సిరా దవాతు తెచ్చాను. అమ్మ బొటనవేలు ముంచి కాగితం మీద గట్టిగా ఒత్తింది. సిరా అంటిన వేలును కాసేపు చూసుకుంది. ఉపదేశయ్య నడవడి జాబు రాయడానికి కూర్చొని, జపాను అన్న మాట దగ్గర ఆగి, ఈ తూరి ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా చెప్పు అని నన్ను అడిగి మరీ రాశాడు. నేను ఎంత మంచివాణ్ణో ఆ జాబు చదివాకే నాకు తెలిసింది.

ఆ ఏడు వానలు మొదలు కాకముందే నేను బయలుదేరాను. మూడేండ్లకు తిరిగొచ్చి, జమ్మలమడుగు నేతగాళ్ళ నడుమ ఒక చిన్న రంగుల బడి పెట్టాను. మేకలు కట్టిన తొట్లలో రెండింటిని కడిగించి మళ్ళీ నింపాను. కొత్త రంగులు డబ్బుల కోసం, ఆ రెండు తొట్లు నా కోసం. నా గోళ్ళు ఇప్పుడు చూస్తే మీకే తెలుస్తుంది.

బయలుదేరిన రోజు అమ్మ కడప స్టేషనుకు వచ్చింది. ఆ నీలం గుడ్డలో రొట్టెలు కట్టి ఇచ్చింది. గుడ్డ నాకొద్దు, నువ్వే ఉంచుకో అంటే, నాకు మీ నాయన కంపు జ్ఞాపకం ఉండాదిలే, నీకే మరుపొస్తాది అంది. రైలు కదిలేటప్పుడు ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. కిటికీ ఊచలు పట్టుకొని రెండడుగులు నడిచింది. అప్పటికి ఆమెకు జపాను అన్న మాట పలకడం బాగా వచ్చు. పది మందికి నేర్పింది కూడా. అయినా కావాలనే తప్పు పలికింది.

"నువ్వు జపానికి పో నాయనా. ప్రార్థన నేను చేసుకుంటా."