కొత్తల్లుడి వికెట్టు

మొన్న కడప బస్టాండు పక్కన టీ తాగుతుంటే అంగట్లోని ట్రాన్సిస్టరు "నోబాల్" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తమకే ఉరిశిక్ష తప్పినట్టు సంతోషపడ్డారు. నాకు మాత్రం టీలో ఎవరో వేపాకు పిండినట్టయింది. ఆ ఒక్క మాటతోనే మా ఇంట్లో ఒక మనిషి బతుకు ఆగిపోయింది.

కర్నూలు రాజధానిగా వెలిగిన రోజుల సంగతి. వెలిగిందని మర్యాదకు అంటున్నాను గాని, ఊరంతా డేరాలే. ఆఫీసులు డేరాల్లో, గుమాస్తాలు డేరాల్లో. మా క్రికెట్ మైదానాన్ని కూడా మూడు వైపుల నుంచి డేరాలు కొరుక్కుతిన్నాయి. సిక్సరు కొడితే బంతి ఏదో ఒక శాఖలో పడేది; అక్కడ పడిన కాగితం బయటికి రావడానికి ఎంతకాలం పడుతుందో దానికీ అంతే పట్టేది. పచ్చగడ్డి సంగతి మేం పుస్తకాల్లో చదవడమే. బండలాంటి నేల మీద కొబ్బరినార చాప పరిచి, చుట్టూ మేకులు కొట్టి దాన్ని పిచ్ అనేవాళ్ళం. ఆ చాప మీద మా చిన్నాయన బంతి వేస్తే అది పడేటప్పుడు ఆదోనివైపు, లేచేటప్పుడు నంద్యాలవైపు పోయేది. పత్తికొండ దగ్గరి మా పొలంలో మిడతలకు కూడా కడుపు నిండని కరువులో, ఆయనకు పండిన పంట ఆ మణికట్టు ఒక్కటే. జట్టులో పదకొండోవాణ్ణి నేను. ఆయన వికెట్టు తీసినప్పుడల్లా అందరికంటే ముందు గంతులేయడం నా పని.

ఆ ఏడు ఫైనలు కడప క్లబ్బుతో. మొదట వాళ్ళ ఊళ్ళోనే ఆడాం. చిన్నాయన వాళ్ళ కెప్టెన్‌ను సున్నాకే బౌల్డు చేశాడు. అంతలో వాన. మా సీమలో వాన పడి ఆట ఆగిందని ఏడ్చే మనిషి ఇంకా పుట్టలేదు. రెండు జట్లూ, జనమూ, జట్కా గుర్రాలూ కలిసి తనివితీరా తడిశాం. ఫైనలు మళ్ళీ కర్నూలులో ఆడాలన్నారు. మా ఇంటి పెద్ద, మా క్లబ్బు అంపైరు అయిన పెద్దనాయన మాత్రం గొడుగు కింద నిలబడి వేరే ఆట మొదలుపెట్టాడు. "సున్నాకు ఔటైనా మొగం మాడ్చుకోకుండా పోయినాడు చూడప్పా. ఇట్లాంటోడు పిల్లను బాగా చూసుకుంటాడు" అన్నాడు. నాపరాళ్ళ గనులున్న ఇల్లని అప్పటికే ఆరా తీసినట్టున్నాడు. వాన నీళ్ళు ఆరకముందే ఆ కెప్టెన్ మా అక్కకు, అంటే పెద్దనాయన కూతురికి, మొగుడైపోయాడు.

మా వైపు కొత్తల్లుడు మొదటి ఏడాది అత్తింటివాళ్ళ చేతిలో ఓడకూడదు. పులిమేకలాట ఆడినా మామే ఓడాలి. ఓడితే అల్లుడు అలుగుతాడని, అలక పిల్ల మీదికి పోతుందని భయం.

రెండో ఫైనలుకు రైల్వే జట్టు కోసం మనుషుల్ని ఏరుకునే ఆఫీసరొకాయన వచ్చాడు. ఈ ఆటలో మా జట్టును గెలిపిస్తే గుంతకల్లులో ఉద్యోగం ఇప్పిస్తానని చిన్నాయనకు ముందే మాటిచ్చాడు. ఆ వారమంతా మా చిన్నాయన సంగటి ముద్దను కూడా మణికట్టు తిప్పే నోట్లో వేసుకున్నాడు.

ఆట చివరికొచ్చింది. కడపకు ఇంకా నాలుగు పరుగులు కావాలి. ఆఖరి వికెట్టు మీద బావ ఉన్నాడు. చిన్నాయన వేసిన బంతికి నడిమి స్టంపు తుంగభద్ర దాకా ఎగిరింది. నేను గంతేశాను. బావ బ్యాటు చంకలో పెట్టుకుని, నవ్వుకుంటూ డేరా వైపు నడిచాడు. అప్పుడు లేచింది పెద్దనాయన చెయ్యి. "నోబాల్."

"స్టంపు పడినాంక పిలుస్తాండావే అన్నా?" అన్నాడు చిన్నాయన.

పెద్దనాయన ఆ మాట విననట్టే, "యాడికి పోతాండారు అల్లుడూ? ఈడికి రాండి" అని బావను పిలిచాడు.

"ఔటే కదా మామా, పోనీండి."

"నేనుండంగా మీరెట్ల ఔటవుతారప్పా?"

"అల్లునికి ఇంకో బంతి వడ్డించప్పా, మొహమాటపడతాండాడు" అని జనంలోంచి ఎవడో కేకేశాడు. మామ మాట తీసెయ్యలేక బావ తిరిగొచ్చాడు. చిన్నాయన తర్వాతి బంతిని తిప్పలేదు, ఊరికే విసిరాడు. బావ కొడితే అది నేరుగా రెవెన్యూ డేరాలో పడింది; కడప గెలిచింది.

ఆఫీసరు చిన్నాయన వైపు చూడనైనా చూడలేదు. ఉద్యోగం చేస్తావా అని బావను అడిగాడు. "నాకెందుకు సార్, ఇంట్లో రాళ్ళుండాయి కదా" అని బావ నవ్వాడు. ఆఫీసరు సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు.

ఇంట్లో అల్లుడికి ఓళిగల భోజనం. బావ చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు చిన్నాయన అడిగాడు: "నిజం చెప్పన్నా. నా కాలు గీత దాటిందా?"

పెద్దనాయన తమ్ముడి ఓళిగ మీద నెయ్యి పోస్తూ, "నీ కాలు యాడుంటే ఏమిరా. బిడ్డ ఆ ఇంట్లో ఉండాది" అన్నాడు.

చిన్నాయన విస్తరి మడిచి లేచాడు. మర్నాడే పొలానికి పోయాడు. మళ్ళీ బంతి ముట్టలేదు. వాన రాని ఏళ్ళన్నీ ఆకాశం వైపు చూస్తూ గడిపి, నిరుడు పోయాడు. కర్మాంతరం నాడు అక్క నాతో అంది: "మీ బావ ఎన్ని ఆటలు ఓడినాడో నాకు తెలీదురా. ఒక్కనాడూ ఇంటికొచ్చి అలిగేది కాదు గదా, ఓడినానని కూడా చెప్పలేదు."

ఆ నోబాల్ నాటికి చిన్నాయనకు ఇరవై నాలుగేళ్ళు. ఆ ఏడు కొత్తల్లుడికి మేం పెట్టిన బట్టలు ఎప్పుడో చిరిగిపోయాయి. వాటితోపాటు పెట్టేసిన చిన్నాయన బతుకును మాత్రం తాను తీసుకున్నానని బావకు ఈనాటికీ తెలియదు.