శనివారం నాటి బిర్యానీ

మా ఆయన మీద కోపం వస్తే నేను ఇప్పటికీ "సార్" అనే పిలుస్తాను. ఆయన "చెప్పండి మేడమ్" అంటారు. సగం కోపం అక్కడే దిగిపోతుంది. పెళ్ళికి ముందు మేమిద్దరం విజయవాడలో ఒకే కోచింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళం. నాది ఫిజిక్స్, ఆయనది కెమిస్ట్రీ. అక్కడ సార్, మేడమ్ తప్ప వేరే పిలుపు లేదు. మొదటిసారి విడిగా బయట కలిసిన రోజు కూడా అలాగే పిలుచుకున్నాం. పక్క టేబుల్ వాళ్ళు మమ్మల్ని చూసి ఏదో ఆఫీసు పని మీద వచ్చామనుకుని ఉంటారు.

ఆయనది ఇబ్రహీంపట్నం. మామగారు థర్మల్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. తాతల నాటి నుంచీ క్యాథలిక్ కుటుంబం. మాది కంకిపాడు, వ్యవసాయం. ఇంటి దేవుడు వెంకటేశ్వరస్వామి కాబట్టి శనివారం మా ఇంట్లో నీచు ముట్టరు. మిగతా రోజుల్లో మాత్రం కోడి అయినా, చేప అయినా వదిలిపెట్టం.

"ఒకసారి బయట కలుద్దామా మేడమ్" అని ఆయన మెసేజ్ పెట్టినప్పుడు నేను దాచలేదు. అమ్మతో చెప్పాను, అమ్మ నాన్నతో చెప్పింది. అప్పటికే పామర్రు నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. వాళ్ళకు ఆదివారం పొద్దున్నే అవుననో కాదనో చెప్పాలి. నాన్న కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు.

"వెళ్ళి మాట్లాడుకో అమ్మా. ఆ అబ్బాయి మంచోడే అయ్యుండొచ్చు. కానీ ఆ ఇంటికెళ్ళాక నీ శనివారాలు సాగవు. ఒక్కోటీ వదులుకుంటా పోవాలి. అది బాగా ఆలోచించుకుని సాయంత్రం నాకో మాట చెప్పు," అన్నాడు.

కేకలేసినా బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని. ఆ నెమ్మది మాట బస్సెక్కినా నన్ను వదల్లేదు. పైగా నాన్న చెప్పింది నిజమేనేమో అనిపించింది. అందుకే ఉక్రోషం ముంచుకొచ్చింది.

మార్చి ఎండలో బందరు రోడ్డు మీద హోటల్ బయట నిలబడి ఉన్నారాయన. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. లోపల కూర్చున్నామో లేదో, సర్వర్ రాగానే రెండు చికెన్ బిర్యానీ అని చెప్పేశారు. "మీకు బిర్యానీ ఇష్టమని స్టాఫ్ రూమ్ మొత్తానికి తెలుసు కదా మేడమ్," అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయన ఎన్ని రోజుల నుంచి కాచుకుని ఉన్నారో, మొహం వెలిగిపోతోంది.

ఇవాళ శనివారమండీ, తినను అనాలి. అనలేకపోయాను. మొదటి రోజే మనిషి ముందు గీత గీసినట్టుంటుందేమో అనిపించింది. మొహమాటానికి పోతే ఏదో అయిందని మా వైపు ఒక మోటు సామెత ఉంది. పూర్తిగా రాస్తే అమ్మ ఊరుకోదు. ఒక్క శనివారం పోతే కొంపలేం మునగవులే అని నాకు నేనే చెప్పుకున్నాను. నాన్న చెప్పిన వదులుకోవడం ఇలాగే మొదలవుతుందని అప్పుడు తట్టలేదు.

ప్లేట్లు వచ్చాయి. తల వంచుకుని, స్వామీ క్షమించు అని మనసులో అనుకుని, ఎవరికీ కనపడకుండా గబుక్కున లెంపలేసుకున్నాను. ముద్ద కలిపాను. ఎత్తబోతుంటే నా ప్లేటు మీద ఆయన చెయ్యి అడ్డం పడింది.

"ఆగండి మేడమ్. లెంపలు ఎందుకేసుకున్నారు?"

"ఏం లేదండీ. దోమ."

"రెండు బుగ్గల మీదా ఒకేసారా?"

ఆయన కాసేపు ఆలోచించి, "ఇవాళ శనివారం. శనివారం మీ బాక్సులో పప్పే ఉంటుంది. నా బుర్రకి తట్టనే లేదు," అన్నారు.

"పర్లేదండీ, ఒక్కరోజుకి ఏమవుద్ది."

"పర్లేకపోతే లెంపలేసుకోరు కదండీ. నా కోసం అలా తినొద్దు. నాకు నచ్చదు."

నచ్చదు అన్న మాట కొంచెం గట్టిగానే అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దాచుకోవడానికి ఆయన ప్లేటు వైపు చూశాను. ఒక్క మెతుకు కదల్లేదు.

"మరి మీరెందుకు తినట్లేదు?" అన్నాను.

ఈసారి తల వంచుకోవడం ఆయన వంతు. "మాకు తపస్సుకాలం మేడమ్. ఈస్టర్ దాకా నేను నీచు తినను. మీ ఒక్కరికే చెప్తే ఇబ్బంది పడతారని రెండు చెప్పా. కెలుకుతా కూర్చుందామనుకున్నా."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనా నవ్వారు. సర్వర్ వచ్చి, "ఏవండీ, బిర్యానీ బాలేదా?" అని దిగులుగా అడిగాడు. చాలా బాగుందని చెప్పి, రెండూ పార్శిల్ కట్టించి, వాటిని ఆయన రూమ్మేట్ అదృష్టానికి వదిలేశాం. పక్కనే టిఫిన్ సెంటర్‌లో నిలబడి అల్లం చట్నీతో ఇడ్లీ తిన్నాం. ఆయన మీద ఇష్టం ముందు నుంచీ ఉన్నదే. ఆ ఇడ్లీ తింటుండగా భయం పోయింది. నాన్నకు చెప్పడానికి మాట దొరికింది.

చీకటి పడకముందే ఇంటికి చేరాను. నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పామర్రు వాళ్ళకు వద్దని చెప్పమన్నాను.

"మరి నీ శనివారాలు?" అన్నాడు నాన్న.

"ఇవాళ నేనే వదిలేయబోయాను నాన్నా. ముద్ద నోటి దాకా వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది ఆయనే," అని జరిగిందంతా చెప్పాను. లెంపల సంగతి దగ్గర అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నవ్వలేదు. వీధి వైపు తిరిగాడు.

"ఉపవాసాలున్న మనిషికి ఇడ్లీ పెట్టి పంపించావా?" అన్నాడు.

"ఆయనే చాలన్నారు."

"చాలంటారు, మొహమాటం. వచ్చే శనివారం భోజనానికి రమ్మను. మీ అమ్మకు రెండు వంటలు చేసే పనుండదు."