ఆరబెట్టిన దిష్టినీళ్లు

నరసన్నపేట దగ్గర హైవే పక్కన మా మావయ్యకు వాటర్ సర్వీసింగ్ షెడ్డు ఉండేది. పెళ్లయిన కొత్తలోనే నేనూ అందులో పనిమనిషినయ్యాను. కార్లకు మోటారు నీళ్లు కొట్టడం మా ఆయన పని. లోపల సీట్లు తుడవడం, పైన మైనం పట్టించడం నా పని. డబ్బాలోని మైనపు ముద్దను స్పాంజితో గుండ్రంగా రుద్దాలి, ఆరనివ్వాలి, మళ్లీ మెత్తటి గుడ్డతో తీసెయ్యాలి. ఒక్క కారుకే పూటంతా పట్టేది. సాయంత్రానికి భుజం పైకి లేచేది కాదు.

నాకు కావలసింది నెలకొక ఆదివారం మధ్యాహ్నం. చీపురుపల్లిలో ఒక చర్చావేదిక ఉండేది. విజయనగరంలో చదువుకునే రోజుల నుంచీ అక్కడ మాట్లాడేదాన్ని. ముహూర్తాల మీద, వాస్తు మీద, భర్త పోయిన ఆడదాని నుదుటి మీద ఊరికుండే పెత్తనం మీద గొంతు చించుకుని వాదించాను. పెళ్లయ్యాక మావయ్య నన్ను వద్దనలేదు. "పనైపోతే ఎల్లు, ఎవులొద్దన్నారు?" అనేవాడు. వద్దనే మనిషితో వాదించవచ్చు. పనైపోతే వెళ్లమనే మనిషితో ఏమని వాదిస్తాం? రోడ్డు పక్క షెడ్డులో పని అయిపోవడమనేది ఉంటుందా?

ఫోన్లో డేటా చవకైన కొత్తలో వీడియోలు చూస్తూ, మైనానికి బదులు రంగు మీద చల్లే స్ప్రే సీలెంట్ గురించి తెలుసుకున్నాను. విశాఖపట్నం నుంచి సీసాలు తెప్పించాను. కారు కడిగాక ఒళ్లు తడిగా ఉండగానే దాన్ని చల్లాలి. ఆరకముందే మోటారు నీళ్లతో కడిగేసి తుడవాలి. అంతే. రుద్దుడు లేదు, ఎదురుచూపు లేదు. నీటిబొట్లు చేమాకు మీద జారినట్టు జారిపోతాయి. కొన్ని వారాలపాటు ఉప్పుగాలి నుంచి రంగుకు కాస్త కాపుదల ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ చల్లుకోవాలి. అందులో మహత్యమేమీ లేదు. పూట పని అరగంటలో తేలిపోయింది. నా ఆదివారం ఆ సీసాలోనే ఉందనుకున్నాను.

మొదటిసారి నీళ్లు జారిపోవడం చూసి మావయ్య చప్పట్లు కొట్టాడు.

"ఏటే కోడలా! నీళ్లే అంటుకోనప్పుడు దిష్టేటి అంటుకుంటాది?"

ఆ క్షణంలో దానికి దిష్టినీళ్లని పేరు పడింది.

"మావయ్యా, అది రసాయనం. దానికి దిష్టికి సంబంధమేమిటి?" అన్నాను.

"రసాయనమంటే ఎవుడొస్తాడే? దిష్టంటే సూడు, నౌపడ నుంచైనా వస్తారు."

వచ్చారు. దిష్టి తియ్యడానికి ఆదివారమే మంచిదని జనం నమ్మకం కనక, వచ్చినవాళ్లంతా ఆదివారమే వచ్చారు. మిగిలిన సమయం నాది కాలేదు. మిగిలిన ప్రతి అరగంటలోనూ ఇంకొక కారు వచ్చి నిలబడింది. అంతకుముందు ఒక్క మైనపు డబ్బాకు సాయంత్రం దాకా కట్టుబడి ఉండేదాన్ని. ఇప్పుడు షెడ్డు గుమ్మం దాకా బళ్ల వరస.

అయినా ఆ నెల సభకు మాట ఇచ్చాను. వాహనపూజల మీద చర్చ, పూజలు వద్దనే పక్షాన నేను. ఉదయం వచ్చిన బళ్లన్నీ ముగించి, చీపురుపల్లి దారిలో ముందు ఎక్కాల్సిన శ్రీకాకుళం బస్సుకు తయారవుదామని షెడ్డు వెనక గదిలోకి వెళ్లాను. అప్పుడొచ్చింది, చేపల వ్యాపారం చేసే ఒకాయన కొత్త నల్లకారు. మా ఆయన కడిగాడు. నన్ను పిలవడం ఎందుకని మావయ్యే సీసా పట్టుకున్నాడట. ఒళ్లంతా చల్లి, కారును ఎండలోకి తోయించాడు.

నేను బయటకొచ్చేసరికి బానెట్ మీద, తలుపుల మీద తెల్లటి చారలు. నల్లటి కారు పాలు ఒలికి ఎండిన పొయ్యిగట్టులా ఉంది.

"మావయ్యా, నీళ్లు కొట్టలేదా?"

"దిష్టినీళ్లు కడిగేత్తారేటే ఎక్కడైనా? ఒంటిమీదే ఆరాల. కడిగేత్తే ఇంకేటి పనిసేస్తాది?"

ఆయన తప్పు చెయ్యలేదు. తను పెట్టిన పేరుకు తగ్గట్టుగానే చేశాడు. గుడిలో చల్లిన నీళ్లను ఎవరైనా తుడుచుకుంటారా? పేరు మారితే పని మారింది. మూఢనమ్మకం మనసులోనే ఉంటుంది, ఎవరికీ హాని చెయ్యదు అనేవాళ్లకు చూపించడానికి ఆ కారును చీపురుపల్లి వేదిక మీదకు తీసుకెళ్లాలనిపించింది.

కారాయన తలుపు మీద వేలు పెట్టి రుద్దాడు. చార చెక్కుచెదరలేదు.

"మావా, దిష్టి పోనాదా, వచ్చి కూకున్నాదా?"

మావయ్య నా వైపు చూశాడు. మా ఆయనా చూశాడు. "ఒసే, దీన్ని తీసేసి ఎల్లిపోదువు గాని," అన్నాడు మా ఆయన.

కారును నీడలోకి తీయించి చల్లబడనిచ్చాను. ఎండిన చార మీద మళ్లీ అదే సీలెంట్ కొంచెం చల్లి, అది తడిగా ఉండగానే తుడవాలి. అరచెయ్యంత మేర అయ్యాక పక్కకు జరగాలి. మొండి చారలకు పాలిష్ పెట్టి రుద్దాలి. బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సూ వెళ్లిపోయింది. రుద్దుతూనే వాదించాను. నీళ్లు ఎందుకు జారతాయో, ఎండలో ఎందుకు గడ్డకట్టాయో, దిష్టి అనేది ఎందుకు లేదో ముగ్గురికీ చెప్పాను. సభలో చెప్పవలసినదంతా నల్లటి తలుపుకు చెప్పాను. కారాయన బల్ల మీద కూర్చుని టీ తాగుతూ శ్రద్ధగా విన్నాడు.

ఆఖరి చార పోయాక ఆయన కారు చుట్టూ తిరిగి చూసుకున్నాడు.

"సెల్లీ, నీ సెయ్యి పడితేనే ఇది పనిసేస్తన్నాది. ఇంత సేపు మంతరాల్లాగ సదివినావు, ఎంత దిష్టయినా పోతాది."

"అన్నా, నేను చెప్పింది అది కాదు. దిష్టే లేదన్నాను."

"అదే కదా. ఇప్పుడు నేదు. పోనాది."

మావయ్య ముఖం వెలిగింది. అప్పుడే ఆగిన ఇంకొక బండివాడికి గట్టిగా చెబుతున్నాడు: "మా కోడలు సదూకున్నాది. దిష్టినీళ్లు సల్లీసి ఎంటనే కడిగీయాల. నేకపోతే దిష్టి ఒంటిమీదే ఎండిపోతాది. మా కోడలే దగ్గరుండి సేస్తేనే పనిసేస్తాది."

నేను చెప్పిన పద్ధతి ఒక్క ముక్క తప్పకుండా నిలిచింది. దాన్ని మావయ్య మంత్రం చేసుకున్నాడు. ఆ మంత్రానికి నేను పూజారిని. పూజారి లేని ఆదివారం ఎలా కుదురుతుంది?

పై నెల చీపురుపల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి చర్చ దేని మీదో వాళ్లు చెబుతుండగానే మోటారు మొదలైంది. మళ్లీ చెప్పమన్నాను. రెండోసారీ వినపడలేదు. నాకు కుదరదని చెప్పి, తడి చేత్తోనే ఫోన్ పెట్టేశాను.