చీటీలో లేని వాక్యం

ఆ ఆసుపత్రి వెబ్‌సైటు తాలూకు పాత PHP పేజీలు చూసి ప్రోగ్రామరు మొదటి రోజే తల పట్టుకున్నాడు. లెక్కలూ, డేటాబేసూ, కంటికి కనిపించే మాటలూ అన్నీ ఒకే ఫైల్లో కలగాపులగం. డేటా ఒకచోట, పేజీ రూపం ఇంకోచోట ఉండేలా ఖాళీలున్న నమూనా పేజీల్లో డేటా నింపే టెంప్లేట్ ఇంజిన్ పెట్టి, నెల తిరక్కుండా అంతా చక్కదిద్దాడు. తన పనితనానికి తనే మురిసిపోయాడు కూడా.

కొన్ని స్కానింగులకి ఆ వెబ్‌సైటు నుంచి అచ్చయ్యే అపాయింట్‌మెంటు చీటీ మీద 'పరగడుపున రండి' అని రావాలి. ఏ స్కానింగులకన్నది తరచూ మారుతుంటుంది కనుక రిసెప్షన్‌లో చీటీ చూసే రోగులకి చెబుతారు. ఆ ఒక్క వాక్యాన్ని టెంప్లేటుకి అందించడం అతను మరిచాడు. అందనిది ఏదైనా ఉంటే ఇంజిన్ గోల పెట్టేలా ఏర్పాటుంది. పని త్వరగా తెమలాలని ఆ హెచ్చరికలు ఆపేసి దాని నోరు తనే నొక్కాడు. అది ఆ చోటు ఖాళీగా వదిలేసి ఊరుకుంది. వారంలో పదకొండు మంది కడుపునిండా తినొచ్చి, తిట్టుకుంటూ వెనక్కి పోయారు.

తెలియగానే చెప్పి ఉండాల్సింది. మహానుభావుడు చెప్పలేదు. రెండు నిమిషాల్లో సరిచేసి, ఏమీ ఎరగనట్టు టీ తాగడానికి వెళ్లాడు.

మర్నాడు మేనేజరు ఆ పదకొండు మందిలో ఒకరి పాత చీటీని మళ్లీ అచ్చు తీయించాడు. పాత చీటీలేవీ కంప్యూటర్లో దాచి ఉండవు, అడిగినప్పుడల్లా టెంప్లేటు కొత్తగా తయారుచేస్తుంది. వాక్యం నిక్షేపంలా ఉంది. పద్నాలుగేళ్లుగా రిసెప్షన్‌లో కూర్చుంటున్న అక్క ముందు ఆ కాగితం పడేశాడు.

"ఇంత స్పష్టంగా ఉందిగా, చదివి చెప్పడానికేమొచ్చిందమ్మా మీకు? వచ్చే ఒకటో తారీకు నుంచి రానక్కర్లేదు."

పక్క బల్ల దగ్గర ప్రోగ్రామరు అంతా విన్నాడు. తను చేసిన దిద్దుబాటే ఆమె మెడకి చుట్టుకుంది. రెండు రోజులు ఆమె మొహం చూడలేక వెనక తలుపు గుండా తిరిగాడు. తన మీద తనకే అసహ్యమేసింది.

మూడో రోజు పొద్దున్నే, మార్చిన తేదీలతో సహా కోడు అచ్చు తీసి మేనేజరుకి ఇచ్చాడు. అక్కనీ పిలిపించారు.

"తప్పు నాదక్కా. చీటీలో ఆ వాక్యం అసలు రాలేదు. తర్వాత సరిచేసి, ఎవరికీ చెప్పలేదు."

నాలుగు తిడుతుందనుకున్నాడు. ఆమె కుర్చీలో కూలబడింది.

"నిజంగా లేదా బాబూ? ప్రతి చీటీ చదివే చెప్పాను. ఉండి కూడా నాకు కనపళ్లేదంటే, మా అమ్మకొచ్చిన మతిమరుపే నాకూ మొదలైందనుకున్నా. నిన్న మా పెద్దమ్మాయిని కూర్చోబెట్టి, ఇంక అన్నీ నువ్వే చూసుకోవే అని బీరువా తాళాలిచ్చేశా."