పలకల ఇంటి గడప

సిడ్నీలో మేము మొదట అద్దెకు దిగిన ఇల్లు మన దేశానికి రైలు రాకముందు కట్టినది. రౌస్ హిల్ దాటాక, అప్పటికింకా గుర్రాలు మేసే పొలాల మధ్య ఉండేది. మావారు వైటూకే పని మీద వచ్చారు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పందొమ్మిది వందల సంవత్సరం వచ్చిందనుకుంటాయట. అలా అనుకోకుండా చూడటం ఆయన ఉద్యోగం. రెంటల్ హిస్టరీ లేదని ఏ ఏజెంటూ మాకు ఇల్లివ్వలేదు. ఈ ఇంటికే కావలసినంత చరిత్ర ఉంది కాబట్టి మా చరిత్ర ఎవరూ అడగలేదు.

అది ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడం. తర్వాతెప్పుడో వెనక కలిపిన రెండు గదుల్లో మేము కాపురం ఉండాలి. నెలకో ఆదివారం, పాత భాగం చూడటానికి వచ్చేవాళ్లకు తలుపు తీయాలి. మేకు కొట్టరాదు, రంగు వేయరాదు, ఉన్నదేదీ మార్చరాదు అని ఒప్పందంలో రాసి ఉంది. దాంతోపాటు ఆ ఇంటి గురించి లావుపాటి నివేదిక ఒకటి ఇచ్చారు. నేను బడికి వెళ్లినదాన్ని కాను. నాన్నగారు ఇంట్లోనే నిఘంటువు ఒళ్లో పెట్టి ఇంగ్లీషు నేర్పారు. ఆ పద్ధతిలోనే నివేదికంతా చదివాను.

గోడల్లో ఇటుక లేదు. ఐరన్‌బార్క్ అనే చేవగల చెట్టు మొద్దులను నిలువునా చీల్చి, బాడిసతో చదును చేసి, ఆ పలకలను పక్కపక్కన నిలబెట్టారు. వాటి అడుగు నేల మీది దూలం గాడిలో, తల పైదూలం గాడిలో కూర్చుంటాయి. సందుల్లో మట్టి, గడ్డి కలిపి మెత్తారు. కర్రకూ కర్రకూ చెక్క చీలలే బిగింపు. ఏ కర్ర ఎక్కడిదో మరిచిపోకుండా కట్టినవాడు ఉలితో గీసుకున్న గుర్తులు ఇంకా కనిపిస్తాయి. పైన చెక్కపెంకులు, వాటి మీద తర్వాతి తరం వాళ్లు వేసిన రేకులు. ఆ ఇల్లు కట్టినతను ఇంగ్లండులో శిక్ష పడి ఓడలో వచ్చినవాడట. శిక్ష తీరాక ఇక్కడే రైతయ్యాడు. ఇన్నేళ్ల వానలకూ చెదరని గోడలు నిలబెట్టిన ఆ చేతికి నేనేమివ్వగలను? మొదటి శుక్రవారమే పాత భాగం గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. పసుపు పెండిల్ హిల్‌లో మనవాళ్ల కొట్లో కొన్నదే అయినా మంచి రకం. అది రంగు కిందికి వస్తుందని నాకు తోచలేదు. మా ఇళ్లలో పసుపును రంగనుకునేవాళ్లు లేరు.

నవంబరు చివర్లో పాత కట్టడాల అధికారిణి తనిఖీకి వచ్చింది. తెల్లజుట్టు ఆవిడ. అది గురువారం, మర్నాటి కోసం పాత పసుపు కడిగేసి ఉంచాను. ఆవిడ దూలాలు చూసి, చీలలు తట్టి, గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. భూతద్దం తీసింది.

“ఎల్లో!” అంది. “చూడండి, బాడిస గాట్ల లోపల ఎంత లోతుకు దిగిందో! ఇది ఓకర్, పచ్చటి రంగుమట్టి. వాగులోంచి తెచ్చుకుని ఉంటాడు. ఎర్ర చుక్కలు కూడా ఉన్నాయి. పాపం, బేడీలతో వచ్చినవాడు, గుమ్మానికి అలంకారం చేసుకున్నాడు!”

ఆవిడ కళ్లు తడయ్యాయి. నా వెనకనుంచి మావారు తెలుగులో, నవ్వుమొహంతోనే అన్నారు, “నువ్వేం మాట్లాడకు. వచ్చే నెలే లీజు రెన్యూవల్.”

“అది నా పసుపండీ.”

“నాకు తెలీదేంటి? చెప్పావంటే మళ్లీ ఏజెంట్ల గుమ్మాలు ఎక్కాలి. వాటికి పసుపు రాస్తావా?”

“ఏమంటున్నారు?” అంది ఆవిడ.

“చాలా సంతోషంగా ఉందంటున్నారు,” అన్నాను.

ఆ ఇంట్లో నేనాడిన మొదటి అబద్ధం అది. ఆవిడ చిన్న కత్తితో కాస్త గీకి, పరీక్షకని పొట్లంలో వేసుకుంది. నివేదికలో ఈ సంగతి చేరుస్తానని చెప్పి వెళ్లింది.

మర్నాడు శుక్రవారం. తలంటుకుని పసుపు గిన్నెతో గడప దగ్గర కూర్చున్నాను. ఇంతా కట్టినవాడి పేరు మీద, అతను చేయని పని ఒకటి నా మూలంగా పుస్తకంలోకి ఎక్కబోతోంది. గిన్నె పక్కన పెట్టి లోపలికి వెళ్లాను.

“నేను చెప్పేస్తానండీ.”

“పది రోజులు నోరు కట్టుకోలేవా? ఎలాగూ ల్యాబ్‌లో తెలుస్తుంది. ఈలోపు సైన్ అయిపోతుంది.”

“నోరు కట్టుకోగలను. రేపు ఆదివారం జనం వస్తే ఏం చూపించను?”

ఆయన ఇడ్లీ ముగించి చెయ్యి కడుక్కున్నారు. “ఫోన్ అక్కడుంది,” అన్నారు చివరికి. “ఇల్లు పోతే సామాన్లు నువ్వే ప్యాక్ చెయ్యి. నా కంప్యూటర్లే నయం, డేట్ తప్పు చెప్పినా సిగ్గుపడవు.”

ఫోన్ చేశాను. “మేడమ్, ఆ పసుపు నేను రాసింది. టర్మరిక్. కూరలో వేసేది.”

“ఎప్పుడు రాశారు?”

“ప్రతి శుక్రవారం.”

“మరి ఆ ఎర్ర చుక్కలు?”

“అవీ నావే.”

“ఎందుకు?”

నాన్నగారి నిఘంటువులో దీనికి సరిపడే మాట నాకు దొరకలేదు. “ఈ ఇల్లు మమ్మల్ని రానిచ్చింది కదా అని,” అన్నాను.

“నేను నాలుగు పేజీలు రాసేశాను,” అంది ఆవిడ. క్షమించమన్నాను. నాలుగు పేజీలకూ కలిపి ఒక్కసారే అడిగాను.

సోమవారం ఆవిడ మళ్లీ వచ్చి, పోల్చి చూడటానికని డబ్బాలోంచి రెండు చెంచాల పసుపు తీసుకుంది. కాఫీ తాగింది. మావారు లీజు సంగతి ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు.

డిసెంబరులో కొత్త ఒప్పందం వచ్చింది. ఇల్లు ఇంకో ఏడాది మాదే. నివేదికలో ఒక వాక్యం చేరింది: ఇప్పటి నివాసులు తమ ఆచారం ప్రకారం గడపకు పసుపు పూశారు, దాన్ని తోమి కడగరాదు, తనంతట తానే వెలిసిపోనివ్వాలి. ఒప్పందంలోనూ కొత్త షరతు ఒకటి ఉంది: గడప మీద పసుపు గానీ, ఇతర వంట దినుసులు గానీ పూయరాదు.

“ఇంగువ కూడా కుదరదన్నమాట,” అన్నారు మావారు.

ఆ తర్వాత శుక్రవారాలు ఉత్త చేత్తో గడపను తాకి కళ్లకద్దుకునేదాన్ని. అలా తాకే వీలొక్కటీ మాకు వదిలినందుకు ఆవిడ చల్లగా ఉండాలని కూడా అప్పుడే అనుకునేదాన్ని.