ప్యాకెట్ వెనక మా అమ్మ

ఈ రోజు అంతర్జాతీయ వ్యాపారం క్లాసులో మేడమ్ విదేశంలో కొన్న అరకు కాఫీ ప్యాకెట్ తెచ్చారు. “వెనకున్న కథ చదవండి, సరుకును అమ్మేది అదే” అంటూ అందరి చేతికీ ఇచ్చారు. నా వంతు రాగానే తిప్పి చూశాను. మా అనంతగిరి కాఫీ తోటలో గంపతో నవ్వుతున్నది మా అమ్మ! కింద ఇంగ్లీషులో, ‘ఈమె ఉదయం ఈ కాఫీతోనే మొదలవుతుంది’ అని ఉంది.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి, ఆ ఫోటో సంగతి అడిగాను.

“ఎవులో ఫోటో తీత్తామని నవ్వమన్నారు, నవ్వినాను. ఏటైనాది?”

“రోజూ ఈ కాఫీయే తాగుతావని రాశారమ్మా!”

“సీ! ఆ సేదు నానెప్పుడు తాగినాను? పొద్దున్న సోడి అంబలి కదేటే!”

నిజమే, మా ఇంట్లో పొద్దున్నే రాగి అంబలే; కాఫీ కాచిన రోజే లేదు.

మీ వంటింట్లో కాఫీ ప్యాకెట్ ఉంటే ఓసారి వెనక్కి తిప్పండి. అక్కడ నవ్వుతున్నది ఎవరి అమ్మో?