ఊదారంగు నీళ్ళ బకెట్టు

వేంసూరు దగ్గర మా బావ, అంటే మా చెల్లెలి భర్త, రొయ్యల చెరువు తవ్వించినప్పుడు చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. సముద్రం ఎక్కడ, మన పొలాలు ఎక్కడ అన్నారు. ఆయన పట్టించుకోలేదు. కోస్తా నుంచి ట్యాంకర్లలో ఉప్పునీళ్ళు తెప్పించాడు. బోరు నీళ్ళతో కలిపి, టైగర్ రొయ్య పిల్లల్ని మెల్లగా ఆ నీళ్ళకు అలవాటు చేశాడు. మిరపతోట వరసగా రెండేళ్ళు దెబ్బతిన్నాక ఆ ఇంటికి మిగిలిన ఆశ ఆ చెరువొక్కటే.

నేను అప్పట్లో ఊరూరా మూఢనమ్మకాల మీద మాట్లాడేవాణ్ణి. ఒకరోజు పొద్దున పక్క మండలంలో ఒక రైతు చెరువుకు వెళ్ళాను. పెంకు మీద తెల్లమచ్చలతో రొయ్యలు ఒడ్డుకు వచ్చి చస్తున్నాయి. ఊరివాళ్ళు గట్టు మీద కోడిని కోయబోతున్నారు. నేను బురదలోకి దిగి, చచ్చిన రొయ్యను ఎత్తి చూపించాను.

"ఇది అమ్మవారి కోపం కాదు. కంటికి కనపడని క్రిమి. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పాకుతుంది" అని గంటసేపు వాదించాను. కోడి బతికింది. ఆ గెలుపు సంతోషంతో బస్సెక్కి, మధ్యాహ్నానికి చెల్లెలి ఊళ్ళో దిగి, తిన్నగా చెరువుకే నడిచాను. ప్యాంటు మడతల్లో బురద ఇంకా తడిగానే ఉంది.

గట్టు మొదట్లో రెండు వెదురు బొంగులు పాతి, మధ్యన వేపమండలు, నిమ్మకాయలు కట్టారు. వాటి కింద బకెట్టులో ఊదారంగు నీళ్ళు. కాపలా పెద్దాయన అడ్డం నిలబడ్డాడు.

"కాళ్ళు ముంచి రండి సార్."

ఎవరు కాళ్ళు కడుక్కొని రావాలో, ఎవరు ఏ గడప తొక్కకూడదో శాసించే మాటలు నేను చిన్నప్పటి నుంచి విన్నవే. ఒళ్ళు మండింది.

"నేను ముంచను. మనుషులకు చాలక చెరువులకు గూడ మైల పట్టిందా?"

"గట్లంటే ఎట్ల సార్? కూలోళ్ళు, మీ బావ, అందరు ముంచుతరు. మొన్న మా పాస్టరుగారు గూడ ముంచిండు."

"అయితే ఆయనకు గూడ పిచ్చి ముదిరింది" అని నవ్వి, పక్కనుంచి గట్టెక్కాను. బావ అవతలి ఒడ్డున మేత చల్లుతున్నాడు. నీటి అంచున కూర్చుని ఆ బురద కాళ్ళు చెరువులోనే కడుక్కున్నాను.

వారం దాటకముందే చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, జల్దీ రా" అంది. వెంటనే ఫోన్ పెట్టేసింది.

వెళ్ళేసరికి ఒడ్డంతా ఎర్రబారిన రొయ్యలు. అవే మచ్చలు. బావ తూము మూసేసి, నీళ్ళలో బ్లీచింగు చల్లుతున్నాడు. మందేమీ లేదా అని అడిగాను. లేదన్నాడు. నీళ్ళు వాగులోకి వదిలెయ్యొచ్చు కదా అన్నాను.

"కింద ఇంక రెండు చెరువులున్నయ్ బావా. వరి పొలాలున్నయ్. మాకు పోయింది చాలదా?"

"ఆ బకెట్టులో ఏంది?"

"పర్మాంగనేట్. దాంతో క్రిములు చస్తయ్. వేరే చెరువు బురద కాళ్ళకంటుకుంటే రోగం వస్తదని టెక్నీషియన్ పెట్టించిండు. నిమ్మకాయలు మాత్రం మీ చెల్లెవి."

అప్పుడు చెప్పాను. ఆ పొద్దున ఎక్కడికి వెళ్ళిందీ, కోడిని ఎలా కాపాడిందీ, ఎక్కడ కాళ్ళు కడిగిందీ. బావ చేతిలో బ్లీచింగు చిప్ప ఆగిపోయింది.

"కొంగలు తెచ్చినయో, పీతలు తెచ్చినయో. నువ్వే తెచ్చినవని ఎవరు చెప్తరు?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"కోడినైతే కాపాడినవు గదన్నా" అంది గట్టు మీద కూర్చున్న చెల్లెలు.

రుజువు లేని మాట నమ్మొద్దని ఎన్ని వేదికల మీద అరిచానో. నేనే తెచ్చానని రుజువు లేదు. తేలేదనడానికీ లేదు. ఏదో ఒకటి తేల్చి చెప్పేవాళ్ళుంటే బాగుండునని గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. రొయ్యలు ఒడ్డుకు వస్తూనే ఉన్నాయి.

దిగిపోతుంటే కాపలా పెద్దాయన బకెట్టు నా ముందుకు జరిపాడు.

"పోయేటప్పుడు గూడ ముంచాలె సార్. ఇప్పుడు రోగం మన కాడనే ఉంది."

ముంచాను.